పత్తి పల్లెల గుడ్లు

నల్లపాడు,
16 ఫిబ్రవరి 1986

సంతోషక్కకి,

నాన్న పక్కనే కూర్చుని ఉన్నాడు కాబట్టి ముందుగా ప్రభువు పేరిట వందనాలు. నాన్న పంపు దగ్గరికి లేచి వెళ్ళాడు కాబట్టి ఇక అసలు సంగతి.

నీ ఉత్తరం అందింది. బొంబాయిలో మూడేళ్ళు ఏసీ గదిలో కూర్చున్నాక నీ ఈగకి మీసం ఉండాల్సిన చోట కాలు మొలిచిందని నాలుగు పేజీలు రాశావు. సంతోషం. కనిగిరిలో పెద్దమ్మకి ఆ ముక్క చదివి వినిపించు, ఏమంటుందో నాకు రాయి. ఈగని చంపకుండా దానికి అరటిపండు మేపి జీతం తీసుకునే కూతుర్ని కన్నందుకు ఆవిడ ఇప్పటికే ప్రార్థన కూటంలో తల దించుకుంటోంది.

ఇక నా సంగతి. నాకు ఏసీ లేదు. నాన్న చర్చి పాత బీరువా చెక్కతో చేసి ఇచ్చిన పెట్టె ఉంది, అందులో నలభై వాట్ల బల్బు ఉంది, థర్మామీటరు ఉంది. కరెంటు పోతే పెట్టెకి దుప్పటి కప్పి పక్కన కూర్చుంటాను. ఈ సరంజామాతోనే నాలుగు పత్తి సీజన్లుగా కోడిగుడ్లు పెట్టి, ముప్ఫై మూడు గంటలకి తీసి, పెంకు పగలగొట్టి, లోపలి పిండాన్ని చూస్తున్నాను. ఫలితం విను. పత్తి పల్లెల నుంచి వచ్చిన గుడ్లు అరవై పెడితే ఇరవై అయిదు చెడ్డాయి. మెదడు గొట్టం మూసుకోదు, గుండె వంకరగా ఉంటుంది, కొన్నిటికి తల ఉందో లేదో తెలియదు. ఫారం గుడ్లు అరవైలో మూడు. తెల్లదోమ వచ్చిన దగ్గర్నుంచి మనవాళ్ళు పత్తి మీద ఎన్ని మందులు కొడుతున్నారో నీకు తెలుసు. కోళ్ళు ఆ చేలల్లోనే తిరుగుతాయి. ఇంక నేను విడమరిచి చెప్పాలా?

మా గైడు పానకాలరావు గారు ఆనందంతో ఊగిపోతున్నారు. ఆయన జీవితంలో ఒక్క గుడ్డు కూడా మైక్రోస్కోపు కింద చూడలేదు, ఆమ్లెట్టు అయ్యాకే చూస్తారు. అయినా పేపరు మీద మొదటి పేరు ఆయనదే. స్కూటరు స్టాండు వేయడానికి కూడా ఒక స్కాలరు కావాలి ఆయనకి. ఆ స్టాండు నేను వేయనని చెప్పినందుకు నా ఫెలోషిప్పు కాగితం మూడు వారాలు ఆయన సొరుగులో నిద్రపోయింది.

పన్నెండు ఫొటోలు పంపుతున్నాను. చూసి, కోడిపిండాల దశల మీద ఆ అమెరికా వాళ్ళ పాత వ్యాసం ఉంటుందే, దాని జెరాక్సు పంపు. మా లైబ్రరీలో ఆ సంపుటం ఉంది గానీ మనకి కావాల్సిన పేజీలు ఎవరో బ్లేడుతో కోసుకుపోయారు. విజ్ఞానం మీద అంత ప్రేమ ఉన్నవాళ్ళు మా దగ్గర చాలామంది.

నీ చెల్లెలు,
రెబ్కా, ఎమ్మెస్సీ, ప్రస్తుతానికి

——

బొంబాయి,
5 మార్చి 1986

డాక్టర్ రెబ్కా గారికి,

కవరు మీద కూడా ఇలాగే రాశాను. పోస్ట్‌మాన్ దగ్గర నీ పరువు పెరుగుతుంది. అంతకన్నా పెద్ద పరువు నీ అంకెల వల్ల వచ్చేలా లేదు.

జెరాక్సు పెట్టాను. దాన్ని చదువు. దిండు కింద పెట్టుకోవడం కాదు, చదవడం. ఎందుకంటే నీ ఏడో ఫొటో చూశాను. దాని కింద నీ గుండ్రటి చేతిరాతతో ముప్ఫై మూడు గంటలు అని రాశావు. బీయస్సీ మొదటి సంవత్సరం పిల్లకి చెప్పినట్టు చెప్తాను, ఏమీ అనుకోకు. వెన్నుకి రెండు వైపులా జతలు జతలుగా పుట్టే ముద్దలే పిండం వయసు చెప్పేవి. ముప్ఫై మూడు గంటలకి పది జతలుండాలి. ఏడో ఫొటోలో నేను పదహారు లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను, పదహారే. అది రెండు రోజుల పిండం. నాలుగో ఫొటోలోదీ పదోదీ అంతే. నీ చెడ్డ పిండాల్లో సగం వయసుకి మించి పెరిగి ఉన్నాయి. మందు తగిలితే పిండం వెనకబడాలి గానీ ముందుకు పరిగెత్తుతుందా? నువ్వయినా గడియారం చూడటం నేర్చుకోవాలి, మీ గుంటూరు మందయినా టానిక్కు అయి ఉండాలి.

ఇంకోటి. ఫారం కోడికీ పల్లె నాటుకోడికీ పోలికేమిటి? అవి రెండు జాతులు, రెండు మేతలు, రెండు బతుకులు. ఈ ప్రశ్న మీ పానకాలరావు గారికి తట్టలేదంటే నమ్ముతాను. నీకు తట్టలేదంటే బాబాయ్ నీ చదువుకి పడిన పాట్లు తలుచుకుని బాధగా ఉంది.

ఇక్కడి సంగతి అడగలేదు కాబట్టి చెప్తాను. మా ల్యాబులో అందరూ ఒకర్నొకరు పేరు పెట్టి పిలుచుకుంటారు, అందరం సమానమట. ఆ సమానత్వంలో గాజు సీసాలు కడిగేది మాత్రం నేనూ, ఒక మలయాళీ అమ్మాయీ. సెమినారులో నేను మాట్లాడితే నా ఇంగ్లీషులో ఒంగోలు వినిపిస్తుందని ఒకాయన మెచ్చుకున్నాడు. ఆయన పరిశోధనలో ఏమీ వినిపించదు. నాలుగేళ్ళుగా ఈగ వీపు మీద వెంట్రుకలు లెక్కపెడుతున్నాడు, ఇంకా పూర్తి కాలేదు.

పదహారు. మర్చిపోకు.

సంతోషకుమారి

——

నల్లపాడు,
19 మార్చి 1986

సంతోషక్కా,

గడియారం చూడటం నేర్చుకోవాలా? పెట్టె పక్కన చాప వేసుకుని, గంట గంటకీ వేడి రాసుకుని, ఆదివారం చర్చిలోంచి కూడా మధ్యలో లేచి వచ్చి నేను చూసిన గడియారం నీ మొత్తం ఇన్‌స్టిట్యూటు చూసి ఉండదు. పాస్టరు గారు ఆ లేచి పోవడం గురించి ఒక ప్రసంగమే చేశారు. సరే, జతలు లెక్కపెట్టాను. పదహారే. అయితే ఏమిటి? విషం తగిలిన పిండం క్రమం తప్పి పెరగకూడదని నీకు ఎవరు చెప్పారు? నీ ఈగ చెప్పిందా?

ఫారం కోడి గురించి మాత్రం నువ్వన్నది నిజమే. ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. అందుకని తెనాలి వైపు వరి పల్లెల నుంచి నాటుకోడి గుడ్లు అరవై తెప్పించాను. అదే జాతి, అదే పెట్టె, అదే బల్బు. నాలుగే చెడ్డాయి. ఇప్పుడు మాట్లాడు.

గుడ్లు పాతవేమో అని నీ ఊహ అయితే అదీ కాదు. నాకు పత్తి పల్లెల గుడ్లు తెచ్చేది మాబూబీ. ఒక బుట్ట, ఒక పాత చీరముక్క, మొదటి బస్సు. నాలుగేళ్ళుగా మా గుమ్మం ముందు దించుతోంది. తాజావేనా అంటే ఈ వారం పెట్టినవేనని ఒట్టు వేస్తుంది. బుర్ర మాత్రం దేవుడు ఇవ్వలేదు పాపం. ప్రతిసారీ ఒకటే అడుగుతుంది, "పొదగేసేవా, తినేవా అమ్మా?" అని. గుడ్డు గుడ్డేగా, ఏవైతేనేం, నేను కోసి చూసుకోవడానికి అంటాను. నన్ను ఎగాదిగా చూసి, తల ఊపుకుంటూ తినే గుడ్లు లెక్కపెట్టి ఇచ్చిపోతుంది. గుడ్డులో కూడా కులాలుంటాయని ఆవిడ నమ్మకం కాబోలు. సైన్సు అంటే ఏమిటో ఇలాంటి వాళ్ళకి చెప్పే ఓపిక నాకు లేదు.

అన్నట్టు మేము పేపర్లో పడ్డాం. పానకాలరావు గారు ఒక విలేకరిని పిలిచి టీ ఇచ్చారు. మర్నాడు "పత్తి మందులతో గుడ్డులోనే పిల్లకు చావు" అని నాలుగు కాలమ్‌ల వార్త వేశారు. మధ్యలో ఫొటో. సారు మైక్రోస్కోపులో చూస్తున్నట్టు, లైటు వేయడం మర్చిపోయారు. వెనక నేను గుడ్ల పళ్ళెం పట్టుకుని పెళ్ళిలో తాంబూలాలు ఇచ్చేదానిలా. నాన్న ఆ పేపరు ముక్క బైబిల్లో పెట్టుకున్నాడు. అడిగినవాడికీ అడగనివాడికీ చూపిస్తున్నాడు.

జులైలో థీసిస్ ఇచ్చేస్తాను. అప్పుడు కవరు మీద రాయి డాక్టరని.

రెబ్కా

——

బొంబాయి,
24 ఏప్రిల్ 1986

రెబ్కా,

ఆలస్యానికి కారణం అలక కాదు. మా ఏసీ రెండు రోజులు ఆగిపోయింది. తలమీద కాలున్న నా ఈగలన్నీ చచ్చాయి. మళ్ళీ మొదటి నుంచి. మా బాస్ ఓదార్చాడు, "ఈగలే కదా" అని. మూడేళ్ళుగా అవి ఈగలు కావు, ప్రపంచానికి కిటికీలు అని చెప్పింది ఆయనే.

తెనాలి గుడ్లు మంచి పని. నిన్ను మెచ్చుకోవడం ఇదే ఆఖరు కాబట్టి దాచుకో. కానీ నా ప్రశ్న అక్కడే ఉంది. క్రమం తప్పి పెరగడం వేరు, పెట్టెలో పెట్టకముందే పెరగడం మొదలుపెట్టడం వేరు. నీ గుడ్లు నీ దగ్గరికి వచ్చేసరికే వయసులో ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాయి? బస్సులోనా?

మా బాస్‌కి ఏడో ఫొటో చూపించాను. నవ్వాడు.

నీ మాబూబీ గురించి చదివి నేనూ మలయాళీ అమ్మాయీ పడీ పడీ నవ్వుకున్నాం. పొదగేసేవా తినేవా అట! ఇప్పుడు మా ల్యాబులో అరటిపండు కొన్నప్పుడల్లా ఆ మాట అంటున్నాం, ఈగలకా మనకా అని.

బాబాయ్ బైబిల్లోంచి ఆ పేపరు ముక్క తీయించు. ఏ అధ్యాయంలో పెట్టాడో గానీ.

సంతోషకుమారి

——

గుంటూరు,
2 అక్టోబరు 1986

మిస్ సంతోషకుమారికి,

థీసిస్ జులైలో ఇచ్చాను. ఇద్దరు పరీక్షకుల్లో ఒకరి దగ్గర్నుంచి నిన్న ఉత్తరం వచ్చింది. బొంబాయి నుంచి. మీ బాస్ దగ్గర్నుంచి.

రెండే రెండు ప్రశ్నలు. ఒకటి, గుడ్లు కోడి పెట్టిన క్షణం నుంచి మీ పెట్టెలోకి వచ్చేదాకా ఎక్కడ, ఎంత వేడిలో ఉన్నాయి? రెండు, ఏడో ఫొటోలోని పిండం వయసు ఎలా నిర్ణయించారు? ఏడో ఫొటో! థీసిస్‌లో నలభై ఒక్క ఫొటోలున్నాయి. ఆయనకి ఏడోదే కనబడింది.

పానకాలరావు గారు ఉత్తరం నా ముందు పడేసి, "మీ బొంబాయి చుట్టం ఘనకార్యమా అమ్మా ఇది?" అన్నారు. ఆ మనిషి ముందు వంగి ఆ ఉత్తరం తీసుకున్నాను. ఆయన ముందు! నాలుగేళ్ళు నేను ఎవరిని చూసి నవ్వుకున్నానో ఆయన నన్ను చూసి జాలిపడ్డారు. అది నీ వల్ల.

నీ ఈగలు చచ్చాయి కాబట్టి నా గుడ్లు కూడా పగలాలి. అంతేగా? చిన్నప్పుడు కనిగిరిలో నాకు క్లాసు ఫస్టు వచ్చిందని నా పలకని దుర్గం మెట్ల మీద నుంచి దొర్లించావు. పెద్దమ్మ అడిగితే గాలికి పడిందన్నావు. నువ్వు ఏమీ మారలేదు.

మాబూబీ కూడా జూన్ నుంచి రావడం మానేసింది. అందరూ ఒకేసారి చెయ్యిచ్చారు.

ఇక ఉత్తరాలు వద్దు.

రెబ్కా

——

బొంబాయి,
20 అక్టోబరు 1986

రెబ్కా,

వద్దన్నావు కాబట్టి రాస్తున్నాను.

పలకని తోసింది నేనే. ఉత్తరం రాసింది మాత్రం నేను కాదు. మా బాస్‌ని పరీక్షకుడిగా ఎంచుకున్నది మీ పానకాలరావు గారే. బొంబాయి పేరు ఉంటే థీసిస్ బరువెక్కుతుందని మోజు పడ్డాడు. బరువెక్కింది. ఇప్పుడు మొయ్యలేక నీ నెత్తిన పెడుతున్నాడు.

ఒక్క మాట. ఆ మొదటి ప్రశ్నకి నీ దగ్గర జవాబు ఉంటే నీకు ఇంత కోపం వచ్చేది కాదు. ఒక వాక్యం రాసి పారేసేదానివి. జవాబు లేదు. గుడ్లు గుమ్మం ముందు దిగాయి, నువ్వు తీసుకున్నావు. గుమ్మం అవతల ఏముందో నువ్వు చూడలేదు, ఎందుకంటే అవతల ఉన్నది పల్లెటూరి ఆడవాళ్ళు. వాళ్ళకీ సైన్సుకీ ఏం సంబంధం, కదూ?

అమ్మకి రాసి అడిగాను. కనిగిరిలో గుడ్లు కుండలో ఇసుక పోసి అందులో పెడతారట. ఈ మాత్రం తెలియని నన్ను ఎట్లా కన్నదో తనకే ఆశ్చర్యంగా ఉందని రాసింది. మీ పత్తి పల్లెల్లో ఎక్కడ పెడతారు? నీ ప్రయోగాలన్నీ పత్తి సీజన్లోవే కాబట్టి పత్తి చేతికొచ్చే దాకా ఆగి, బస్సెక్కి వెళ్ళి చూడు. నేలమీద నడవడానికి కూడా గైడు సంతకం కావాలా?

సంతోషకుమారి

——

నల్లపాడు,
22 ఫిబ్రవరి 1987

అక్కా,

నాలుగు నెలలు నీకు రాయలేదు. ఇప్పుడు కూడా క్షమాపణ కోసం రాయడం లేదు. చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు.

మాబూబీ కోసం వెతికాను. మిరప కోల్డ్ స్టోరేజీ పక్కన షెడ్డులో దొరికింది. ముక్కుకి కొంగు కట్టుకుని కాయలకి తొడిమలు తీస్తోంది. చుట్టూ నలభై మంది ఆడవాళ్ళు. నేను గుమ్మంలో నిలబడి తుమ్ముతూనే ఉన్నాను, వాళ్ళు నన్ను చూసి నవ్వుతూనే ఉన్నారు. గుడ్లు తేవడం ఎందుకు మానేశావని అడిగాను.

"ఎవరు కొంటారమ్మా? పత్తి పల్లె గుడ్డు తింటే కడుపులో పిల్లకి అవిటి వస్తదని పేపర్లో ఏశారంటగా. నన్ను చూస్తేనే తలుపులేస్తన్నారు. ఇరవై ఏళ్ళ నుంచీ తిరిగిన ఇళ్ళు."

ఎర్రబడ్డ కళ్ళు తుడుచుకోకుండానే చెప్పింది, ఆ చేత్తో తుడుచుకుంటే ఇంకా మండుతుంది కదా. గుడ్లు పల్లెలో ఎక్కడ పెడతారో చూడాలి, ఒక రోజు తీసుకెళ్తావా అని మాత్రం అడిగాను. చేతిలో కాయ పక్కన పెట్టి చాలాసేపు నా మొహం చూసింది. "సరే, శుక్రారం రండి" అంది.

పెదనందిపాడు బస్సు దిగి నడిచాం. సుబ్బరావమ్మ అనే ఆవిడ ఇల్లు. మధ్యగది అంతా పత్తి, నడుం ఎత్తున. మంచు పదునుతో, తడి ఆరకుండా ఏరింది ఏరినట్టు తెచ్చి పోశారట, ఇంకా ధర కుదరలేదట. మాబూబీ గుడ్లు కావాలనగానే ఆవిడ ఆ కుప్పలోకి భుజం దాకా చెయ్యి దూర్చి ఒక్కొక్కటే తీసి నా చేతిలో పెట్టింది. అక్కా, గుడ్డు వెచ్చగా ఉంది. కోడి కింద నుంచి అప్పుడే తీసినట్టుంది. నా చేతిలో థర్మామీటరు ఉంది. కుప్పలోకి దించాను. ముప్ఫై అయిదు డిగ్రీలు, పిండం మేలుకోవడానికి చాలు.

"ఎందుకండీ పత్తిలో పెడతారు?" అన్నాను.

"ఇంకెక్కడ పెడతాం? పత్తిలో అయితే పగలవు, పిల్లి కంటపడవు. అమ్మేయేగా. తినేవాళ్ళకి వెచ్చగా ఉంటే ఏం, చల్లగా ఉంటే ఏం?"

"మరి పొదగేసేవి?"

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "పొదగేసేవి పత్తిలో ఎవురన్నా పెడతారా? పత్తి ఏడికి లోపల పాడయి చస్తయి. ఆ మాత్రం తెలవదా? ఏ ఊరమ్మా మీది?" అని పెరట్లోకి తీసుకెళ్ళింది. మంచినీళ్ళ బాన కింద తడి ఇసుకలో పదమూడు గుడ్లు, బొగ్గుతో గుర్తు పెట్టి. పక్కనే ఒక కోడి, దాని వెనక పదకొండు పిల్లలు. ఒక్కదానికీ వంకర లేదు. నేను ఒక్కొక్కదాన్నీ పట్టుకుని చూశాను. ఆ కోడి కూడా నన్ను పొడిచింది.

ఆ పదమూడూ అడిగి తీసుకున్నాను. ఆ వారంలోనే మాబూబీ చెప్పిన ఇంకో నాలుగిళ్ళ నుంచి పొదగేసేవి మాత్రమే తెచ్చుకున్నాను. అదే ఊరు, అవే కోళ్ళు, అదే మందు కొట్టిన చేలు. మొత్తం అరవై. మూడు చెడ్డాయి. మూడు! నా నాలుగేళ్ళ పరిశోధన పత్తికుప్ప వేడి, అంతకన్నా ఏమీ లేదు.

పానకాలరావు గారికి చెప్పాను. ఆయన పళ్ళు కుట్టుకుంటూ విని, "గుడ్లు గది వాతావరణంలో ఉన్నాయని ఒక వాక్యం రాసి పంపెయ్యమ్మా. పత్తి ఉన్నదీ గదిలోనేగా?" అన్నారు. ఆయన తెలివి చూసి మొదటిసారి భయం వేసింది. ఆ వాక్యం రాస్తే వేసవిలోపు నేను డాక్టర్ని. రాయకపోతే ఫెలోషిప్పు మార్చితో సరి, ఈ గైడు లేడు, ఇంకో గైడు దొరకడు. నాన్న వేసవిలో చర్చిలో కృతజ్ఞతా కూడిక పెట్టుకుంటానని పాస్టరు గారికి ముందే చెప్పి వచ్చాడు.

పేపర్లో వేయించింది మేమేనని మాబూబీకి చెప్పలేదు. తిరుగు బస్సులో పక్కనే కూర్చుంది.

ఏం చెయ్యమంటావు?

రెబ్కా

——

బొంబాయి,
8 మార్చి 1987

రెబ్కా,

ఏం చెయ్యాలో నీకు తెలుసు. తెలియకపోతే ఆ అరవై గుడ్లు పగలగొట్టేదానివి కాదు. నిజం బయట పెట్టడం నేను వద్దంటే బాగుండుననీ, అప్పుడు తప్పు నా మీద వేసి ఆ వాక్యం రాసెయ్యొచ్చనీ ఆశపడ్డావు. వద్దనను.

ఇప్పుడు నా వంతు. ఆ రెండు ప్రశ్నలూ రాసింది నేనే. మా బాస్ ఏ థీసిసూ చదవడు, మాకు పంచుతాడు. నీది నా బల్ల మీద పడింది. ప్రశ్నలు టైపు చేసి ఇస్తే కళ్ళు మూసుకుని సంతకం పెట్టాడు. తర్వాత నీకు నేను కాదని రాశాను. పలక విషయంలో ఒప్పుకున్నాను గదా, ఆ వేగంలో ఇది దాటిపోతుందనుకున్నాను. నీ మేలు కోరి రాశానని చెప్పుకోవచ్చు. నిజానికి పదహారు లెక్కపెట్టినదాన్ని నేనని ఎవరో ఒకరు గుర్తించాలని రాశాను.

అయినా మనిద్దరి తెలివీ ఎంతో ఇప్పుడు తేలింది. నీ పోయిన మార్చి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. పొదగేసేవా తినేవా అని ఆవిడ అడిగిన మాట అందులో ఉంది. జవాబు మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. నువ్వు నాలుగేళ్ళు విన్నావు. నేను చదివి, పక్కవాళ్ళకి కూడా చెప్పి నవ్వించాను. ఇక్కడ సెమినారులో నా ఇంగ్లీషు విన్నవాళ్ళు నన్ను చూసినట్టే మనం ఆవిణ్ణి చూశాం. వాళ్ళని ఎంత అసహ్యించుకున్నానో అంత అసహ్యం ఇప్పుడు నా మీద నాకే వేస్తోంది.

మాబూబీకి చెప్పావా? చెప్పకుండా నాకు మళ్ళీ రాయకు.

సంతోష

——

నల్లపాడు,
12 ఏప్రిల్ 1987

సంతోషక్కకి,

నాన్న పక్కన లేడు గానీ వందనాలు రాస్తున్నాను, ఈసారి నా సొంతంగా.

నువ్వు చేసిన పనికి నిన్ను తిట్టాలని మూడు ఉత్తరాలు మొదలుపెట్టి చించేశాను. ప్రశ్న సరైనది. అబద్ధం నీచమైనది. రెండూ నీవే, ఏం చేస్తాం.

థీసిస్ వెనక్కి తీసుకున్నాను. పానకాలరావు గారు సంతకం పెట్టేటప్పుడు కలం నిబ్బు విరిగింది, దానికీ నన్నే తిట్టారు. మేము వేయించిన వార్తలో తప్పు ఉందని పేపరుకి ఉత్తరం రాశాను. ఇరవై రోజులకి లోపలి పేజీలో, తప్పిపోయిన గేదె ప్రకటన కింద, నాలుగు లైన్లు వేశారు. మొదటి దానికి నాలుగు కాలమ్‌లు, దీనికి నాలుగు లైన్లు. నా పేరు తప్పు పడింది. నాన్న బైబిల్లోంచి పాత ముక్క తీసేసి ఈ నాలుగు లైన్లూ కత్తిరించి పెట్టుకున్నాడు. కూడిక రద్దయిందని పాస్టరు గారికి చెప్పడానికి తెల్ల చొక్కా వేసుకుని తనే వెళ్ళాడు. ఆ రోజు నేను బాగా ఏడ్చాను.

తర్వాత మిరప షెడ్డుకి వెళ్ళాను. ఆ నలభై మంది ముందూ, తుమ్ముతూనే, మాబూబీకి చెప్పాను. పేపర్లో వేయించింది మేమే, తప్పు నాది, అని.

"తెలుసమ్మా" అంది.

"ఎట్లా తెలుసు?"

"చదువు రాదు గానీ కళ్ళున్నయిగా. మీ సారు ఎనక పళ్ళెం పట్టుకోని నిలబడింది మీరే. ఆ పళ్ళెంలో గుడ్లు నేను తెచ్చినయ్యే."

అన్నీ తెలిసే నన్ను సుబ్బరావమ్మ ఇంటికి తీసుకెళ్ళిందక్కా. ఒక రోజు కూలి మానుకుని. ఎందుకని అడిగితే, "ఇప్పటికన్నా చూస్తారేమోనని" అంది. కోపంగా కూడా అనలేదు. పనికిరాని వస్తువుని ఇంకోసారి తిప్పి చూసినట్టు నన్ను చూసింది. పానకాలరావు గారు ఎంత తిట్టినా తగలనిది ఆ చూపుకి తగిలింది.

ఆ నాలుగు లైన్లు జెరాక్సు తీయించి, ఆవిడ పాత ఇళ్ళన్నిటికీ వెంట వెళ్ళి చదివి వినిపించాను. సగం ఇళ్ళవాళ్ళు బుట్ట దించమన్నారు. మిగతా సగం తలుపులు తెరవలేదు, వాళ్ళని నేనేమీ చెయ్యలేకపోయాను.

ఫెలోషిప్పు ఆగిపోయింది. మిషను స్కూల్లో జీవశాస్త్రం చెప్తున్నాను. పెట్టె ఉంది, బల్బు మార్చాను. పత్తికుప్ప వేడిలో గుడ్డు ఎన్నో రోజు మేలుకుంటుందో, ఎక్కడ దారి తప్పుతుందో చూడాలనుంది. గైడు లేడు. నువ్వు ఫొటోలు చూసి తిడితే చాలు. కవరు మీద మాత్రం ఉత్త రెబ్కా అని రాయి.

నిన్న ఉదయం మాబూబీ వచ్చింది. గుమ్మం ముందు నిలబడి, బుట్ట దించకుండా, ఎప్పటిలాగే అడిగింది, "పొదగేసేవా, తినేవా?"

నేను లేచి బయటికి వెళ్ళాను. రెండూ కావాలి, విడివిడిగా, ఏవి ఏ ఇంట్లో ఎక్కడ పెట్టారో, ఎన్నాళ్ళున్నాయో చెప్పి ఇవ్వు, రాసుకుంటాను అన్నాను.

"అయిదో ఏటికి అడిగారు" అంది, బుట్ట దించుతూ.

నీ చెల్లెలు,
రెబ్కా